బండ చూడని సీమ



సండేస్కూల్లో మోషే కొట్టిన బండను గూర్చి చెబుతాం గాని, మన రాజోలు పిల్లలకు బండ చూపుదామంటే ఎక్కడుంది? పునాది రాయి సైతం గోదావరి దాటి రావలసిందే. అందుకే వంట సామాను వేసుకుని, వ్యానులో నాలుగు కుటుంబాల వారం కడప జిల్లా గండికోటకు వెళ్లి వచ్చాం.

అక్కడ ఎర్రమల కొండలను పెన్నానది నిలువునా కోసింది. ఇరువైపులా ఎర్రని రాతి పలకలు తాపీమేస్త్రి వరసలు పేర్చినట్టుంటాయి. అవి ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న ఇసుకే. వంద కోట్ల ఏళ్లకు పైబడినవి. (అంచున పిల్లల చేయి వదలవద్దు సుమా!)

తరువాత బెలుం గుహలు. సున్నపురాతిని నీరు కరిగించి చేసిన దారులు, పొడవు 3,229 మీటర్లు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని గూర్చి రాశారు. 2002లో సందర్శకులకు తెరిచారు. లోపల ఉక్క. ఆయాసం ఉన్న పెద్దలు బయటే ఉండడం మేలు.

రాతిని అరగదీసే ఆ నీటి పనివల్లే మన కొబ్బరితోటలకు నేల దొరికింది. కోనసీమ యావత్తూ గోదావరి ఎగువ రాళ్లను నూరి తెచ్చి పోసిన ఒండ్రే. ఇప్పుడు ఆ ఒండ్రు చాలావరకు ఎగువ ఆనకట్టల వెనుకే ఆగిపోతోంది. అంతర్వేది వైపు సముద్రం ఒడ్డును ఎలా కోస్తున్నదో అక్కడి వారినడిగితే చెబుతారు.