గీత గీసే చోట మనోళ్ళు ఉండాలె

పోస్టు కొంచెం పెద్దదే. బస్సులో ఉన్నోళ్ళు సేవ్ చేసుకొని రాత్రి చదవండి.

మేము మొఘల్‌పురాలో హాస్టల్‌లో ఉండి సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నం. రూములో నలుగురం, నలుగురిదీ ఉమ్మడి ఆదిలాబాద్. మా ఇండ్లల్లో కాలేజీ మెట్లెక్కింది మేమే ఫస్టు. ఈ సెమిస్టర్‌లో మాకు రోడ్డు డిజైన్ ల్యాబ్ వచ్చింది, సివిల్ త్రీడీ అనే సాఫ్ట్‌వేర్ మీద. ల్యాబ్‌లో ఇచ్చిన ఎక్సర్‌సైజు ఎక్కడిదో తెలియని కొండ. అది కాదని ఒక ఆదివారం మా గూడెం గుట్టనే పెట్టి చూద్దామనుకున్నం. మా వాదనంతా అక్కడే మొదలైంది.

గూడేలకు రోడ్డు కావాలని మనం ధర్నాలు చేసినం, దరఖాస్తులు ఇచ్చినం. చెయ్యాల్సిందే. కానీ రోడ్డు మంజూరైనంక అది ఎటునుంచి ఎటు పోవాలో కంప్యూటర్ ముందు కూర్చున్న ఎవరో గీస్తారు. ఆ గీత ముందు మనం ఒక్కసారి కూడా కూర్చోలేదు. అక్కడ కూర్చునే చదువు మన పిల్లలు నేర్చుకోవాలనేదే మా అభిప్రాయం.

పని ఎట్లుంటదో తెలియనోళ్ళకు చెప్తాం. సర్వే వాళ్ళు నేల మీద వందల పాయింట్లు తీస్తారు. ఒక్కో పాయింటు ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది అని. సాఫ్ట్‌వేర్ పక్కపక్క పాయింట్లను కలిపి త్రిభుజాల వల అల్లుతుంది, గుట్ట మీద చేపల వల పరిచినట్టు. దానికి తెలిసిన నేల అంతే. ఆ వల మీద మనం గీత గీస్తే ఎక్కడ తవ్వాలి, ఎక్కడ మట్టి పోయాలి, ఎన్ని క్యూబిక్ మీటర్లు అనేది చెప్పేస్తుంది. గీతను పది మీటర్లు పక్కకు జరిపితే లెక్కంతా అదే మార్చుకుంటుంది. ఒకప్పుడు గ్రాఫ్ షీట్ల మీద వారాల తరబడి చేసిన పని ఇది.

మా దగ్గర సర్వే పాయింట్లు ఎక్కడివి? 2000 ఫిబ్రవరిలో నాసా స్పేస్ షటిల్ 11 రోజులు తిరిగి రాడార్‌తో కొలిచిన ఎత్తుల డేటా ఫ్రీగా దొరుకుతుంది, ఎస్‌ఆర్‌టీఎం అంటారు. అది దింపుకున్నం. మా రూములో ఉన్న ఒక్క పాత ల్యాప్‌టాప్ సివిల్ త్రీడీ పేరు చెప్తేనే ఆగిపోతది. అందుకని క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచినం.

గుట్ట కనిపించింది. గూడెం చోటు కూడా గుర్తుపట్టినం. కానీ వాగు లేదు! ఆ డేటాలో ఒక్కో గడి దాదాపు 30 మీటర్లు, మా వాగు వెడల్పు ఐదారు మీటర్లు. అందుకే ఆనవాలు లేకుండా పోయింది. ఇంకో వింత, పోడు చేను అయిపోయి అడవి మొదలయ్యే చోట ఒక గట్టు లేచి ఉంది. అక్కడ గట్టు ఎన్నడూ లేదు. పైనుంచి కొలిస్తే చెట్ల ఎత్తు కూడా కొంత నేలలో కలిసిపోతుందని తర్వాత చదువుకున్నం.

అసలు ప్రాజెక్టులకు ఇట్లాంటి డేటా సరిపోదు. టోటల్ స్టేషన్‌తోనో డ్రోన్‌తోనో సర్వే చేయిస్తారు. కానీ సర్వే ఎక్కువగా ఎండాకాలంలోనే గదా జరిగేది. అప్పుడు వాగు ఎండి, ఎడ్లబండి దాటే పల్లంలా ఉంటది. ఆషాఢంలో అదే వాగు ఎంత లేస్తదో ఆ పాయింట్లలో ఉండదు. మా పక్క గూడేనికి రోడ్డు పడ్డ ఏడాదే పెద్ద వానకు తూము మీదినుంచి నీళ్ళు పొర్లి రోడ్డు తెగింది. అదే వారంలో ఒక వదినకు నొప్పులొస్తే మంచం మీద మోసుకొని వాగు దాటించినం. మోసినోళ్ళలో మాలో ఒకడు కూడా ఉన్నడు. ఆ డిజైన్ కాగితాలు మేము చూడలేదు గనుక తప్పు ఎవరిదని అనం. కానీ నీళ్ళు ఏ రాయి దాకా వస్తాయో ఆ గూడెంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వాళ్ళను అడిగినోళ్ళు మాత్రం లేరు.

ఇక్కడే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మన పెద్దల బాటే సరైన బాట, దాని మీదే రోడ్డు వేస్తే చాలని మేమూ అనుకునేటోళ్ళం. అది తప్పు. మా గూడెం ఎక్కే కాలిబాట సుమారు 600 మీటర్లు, ఎక్కే ఎత్తు సుమారు 90 మీటర్లు. అంటే 15 శాతం వాలు. కొండ ప్రాంతానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన మామూలు వాలు 5 శాతం, తప్పకపోతే 6. అంటే అదే 90 మీటర్లు ఎక్కడానికి రోడ్డు 1800 మీటర్లు చుట్టి రావాలి. ఫోనులో తాతకు చెప్తే, "మూడింతలు తిప్పుతరా, కాంట్రాక్టర్ బిల్లు కోసమా?" అన్నడు. కాదు తాతా, 15 శాతం మీద వానలో అంబులెన్స్ ఎక్కదు, ఎక్కినా దిగేటప్పుడు బ్రేకు ఆగదు అని చెప్పడానికి అరగంట పట్టింది. మనకు లెక్క తెలియకపోతే న్యాయంగా చుట్టే రోడ్డును కూడా మోసమనే అనుకుంటాం. నిజంగా మోసం జరిగిన రోజు పట్టుకోలేం.

ఆ లెక్కలోనే ఇంకో సంగతి ఉంది. అటవీ హక్కుల చట్టం, 2006 లో సెక్షన్ 3(2) చదవండి. రోడ్డులాంటి 13 రకాల సౌకర్యాలకు, ఒక్కోదానికి ఒక హెక్టారు లోపు, హెక్టారుకు 75 చెట్లు మించకుండా అడవి భూమి ఇవ్వొచ్చు. దానికి గ్రామసభ సిఫారసు ఉండాలి. కొండల్లో పల్లె రోడ్డు వెడల్పు 6 మీటర్లు అనుకుందాం. 1800 మీటర్లయితే 1.08 హెక్టార్లు, హద్దు దాటింది. వాలు 6 శాతం చేస్తే 1500 మీటర్లు, 0.9 హెక్టారు, హద్దు లోపల ఉంది. గుట్ట తవ్వితే పక్కన ఇంకా భూమి పోతది కాబట్టి ఇది పైపై లెక్కే. అయినా స్క్రీన్ మీద ఒక్క శాతం మార్చితే కాగితం గ్రామసభతో తేలుతదా, పెద్ద అనుమతుల కోసం ఏండ్లు తిరగాలా అనేది మారిపోతోంది. గ్రామసభలో వేలిముద్ర వేసే మన అవ్వలకు ఈ సంగతి చెప్పేదెవరు?

మట్టి సంగతి కూడా. తవ్వింది, పోసింది సమానమైతే డిజైన్ బాగుందంటారు. మిగిలిన మట్టిని గుట్ట కిందికి తోసేస్తే ఆ కింద ఎవరి జొన్న చేను ఉందో సాఫ్ట్‌వేర్‌కు పట్టదు.

ఇప్పుడు మేముండే చోటికి వద్దాం. మా హాస్టల్ నుంచి శాలిబండ వైపు పోతే పాతబస్తీ మెట్రో వచ్చే దారి. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్లు. ఈ దారిలో వందకు పైగా మసీదులు, దర్గాలు, అషుర్‌ఖానాలు, గుళ్ళు, పాత కట్టడాలు ఉన్నాయని, వంపులు సర్ది, స్తంభాల చోట్లు మార్చి వాటిని కాపాడతామని మెట్రో అధికారులు పేపర్లలో చెప్పారు. ఇండ్లు, దుకాణాలు పోతున్నోళ్ళ బాధ వేరే ఉంది, అది చిన్నదేం కాదు. మేము చూసేది ఒక్కటే. అక్కడి కట్టడాలు కొలతలతో సహా మ్యాప్‌లో ఉన్నాయి, అడిగే నోళ్ళు ఉన్నాయి, కాబట్టి గీత వంగింది. మన పేన్ ఉండే చెట్టు, మన పెద్దల్ని పూడ్చిన చోటు, ఊట నీళ్ళ చెలిమె మ్యాప్‌లో ఖాళీ అడవి. ఖాళీ కనిపించిన చోటుకు గీత నిటారుగానే పోతది.

అట్లని దేవుడి చోటు మ్యాప్‌లో పెట్టాలంటే మన పెద్దలు ఒప్పుకోరు. ఊరందరికీ తెలిస్తే రేపు ఎవరెవరో వస్తారని వాళ్ళ భయం. అది న్యాయమైన భయమే. మాకు తోచిన దారి, పేరు రాయకుండా ఒక గుండ్రం గీసి "ఇటు రావద్దు" అని మాత్రం పెట్టడం. అది కూడా ఆన్‌లైన్‌లో కాదు, గ్రామసభ ముందు కాగితం మీద. ఇంతకన్నా మంచి ఉపాయం ఉంటే కామెంట్లో చెప్పండి. ఈ విషయంలో మా నలుగురికే ఇంకా కుదరలేదు.

2023 లో వచ్చిన పీఎం జన్‌మన్ కింద కొలాం, తోటి, చెంచు, కొండరెడ్ల లాంటి తెగల ఆవాసాలకు వంద మంది జనాభా ఉన్నా రోడ్డు ఇవ్వొచ్చు. అంటే గుట్టల మీద చిన్న చిన్న గూడేలకు గీతలు పడే కాలం ఇదే. రోడ్డు ఒకసారి పడ్డంక పక్కకు జరపమంటే ఎవరూ జరపరు.

దండారికి ఇంటికి పోయినప్పుడు మేము చేద్దామనుకున్నది ఇది. ఫోన్ జీపీఎస్ పెట్టుకొని ఒక పెద్దమనిషితో వాగు వెంట నడుస్తాం. వాన నీళ్ళు ఎక్కడిదాకా లేస్తాయో ఆయన చూపించిన చోటల్లా పాయింటు తీస్తాం. చెట్ల కింద ఫోన్ కొన్ని మీటర్లు తప్పు చూపిస్తది, ఎత్తు అయితే అసలే నమ్మొద్దు. అందుకే ప్రతి చోటా ఫోటో తీసి, గుర్తుండే రాయో చెట్టో పేరు రాస్తాం. అవన్నీ క్యూజీఐఎస్‌లో పెట్టి పెద్ద షీటు మీద ప్రింటు తీసి పటేల్ చేతికి ఇస్తాం. ఇంజనీరు సార్ వచ్చిన రోజు ఆ షీటు ఆయన ముందు పరుస్తాం.

సివిల్ కాని వాళ్ళకు కూడా ఇది కష్టమేం కాదు. డిగ్రీ, డిప్లొమా ఎవరైనా సరే, హైదరాబాద్‌లో ఉంటే వచ్చే ఆదివారం పొద్దున మొఘల్‌పురాకు రండి. ల్యాప్‌టాప్ ఉన్నోళ్ళు తెచ్చుకోండి, మా దగ్గర ఒక్కటే ఉంది, దాని బ్యాటరీ కూడా పోయింది. చార్మినార్ దగ్గర దిగి ఇన్‌బాక్స్‌లో మెసేజ్ పెడితే ఎవరో ఒకరం వచ్చి తీసుకుపోతాం.