ఓడినవాడే పేరు చెప్పాలి

కేబుల్ టీవీ ఊరూరా పాకిన రోజుల్లో మన బడిపిల్లల జేబుల నిండా కుస్తీ వీరుల కార్డులు ఉండేవి. వాటిలో రే మిస్టీరియో కార్డంటే చాలామందికి ప్రాణం. మిగతావాళ్ళంతా ఆజానుబాహులైతే అతను పొట్టివాడు, ముఖానికి ముసుగు, తాళ్ళ మీంచి ఎగిరి తన్నడం. ఆ ముసుగు సంగతేమిటని మాత్రం మనం పెద్దగా పట్టించుకోలేదు. అమెరికాలో పుట్టి, సరిహద్దు అవతల తిహువానాలో కుస్తీ నేర్చిన ఆ కుర్రాడు 1999లో ఓ అమెరికన్ కంపెనీ పోటీలో ముసుగు పోగొట్టుకున్నాడు. 2002లో మరో కంపెనీకి మారి మళ్ళీ తొడుక్కున్నాడు. అమెరికా ప్రేక్షకులకు అది కొత్త వేషం. మెక్సికో పెద్దల లెక్కలో అది కట్టుబాటు తప్పడం. పందెంలో పోయిన ముసుగు మళ్ళీ ముఖానికి ఎక్కకూడదు.

ఈ కట్టుబాటు ఎంత దూరం వెళ్తుందో తెలియాలంటే ఎల్ సాంతో అనే మెక్సికన్ కుస్తీవీరుడి గురించి చెప్పుకోవాలి.

ఆయన 1917లో ఇదాల్గో రాష్ట్రంలోని తులాన్సింగోలో పుట్టారు. చిన్నతనంలోనే కుటుంబం రాజధానికి తరలివచ్చి, తెపీతో అనే బస్తీలో స్థిరపడింది. 1930ల నడుమ గోదాలో దిగినప్పుడు ముసుగు లేదు. ఆ తర్వాత కొన్ని పేర్లు మార్చి చూశారు. ఒక దశలో రెండో గబ్బిలం అనే పేరుతో కూడా దిగారు. మొదటి గబ్బిలం అభ్యంతరం చెప్పడంతో ఆ పేరు వదులుకోవలసి వచ్చింది. మన రచయితల తొలి కథలు తిరగేస్తే ఇలాంటి రెండో గబ్బిలాలు ఎందరో కనబడతారు. 1942లో వెండిరంగు ముసుగు తొడిగి ఎల్ సాంతో అయ్యాక మరి పేరు మార్చే అవసరం రాలేదు.

ముసుగు అప్పటికి మెక్సికో కుస్తీలో పాత ఆచారమేమీ కాదు. లూచా లిబ్రే అని వాళ్ళు పిలుచుకునే ఈ కుస్తీకి సాల్వదోర్ లుత్తెరోత్ 1933లో కంపెనీ పెట్టి ఒక రూపం ఇచ్చాడు. మరుసటి ఏడాది ఓ అమెరికన్ యోధుడు తనకో ముసుగు కావాలని చెప్పులు కుట్టే ఆంతోనియో మార్తీనెస్ దగ్గరికి వెళ్ళాడు. మార్తీనెస్ అతని తలకు కొలతలు తీసుకుని మేకతోలుతో కుట్టి ఇచ్చాడు. మొదటి ప్రయత్నం సరిగ్గా అమరలేదని తిట్లు కూడా తిన్నాడంటారు. అయినా ఆ కుటుంబానికి తర్వాత అదే వృత్తి అయింది. ముసుగు వెనకవైపు బూటుకున్నట్టే కన్నాలూ లేసూ ఉంటాయి. తలకు బిగించి కట్టేది ఆ లేసే. ప్రత్యర్థి ముసుగు లాగాలనుకున్నవాడి వేళ్ళు ముందు వెతికేది కూడా దాన్నే. అలా మామూలు పోటీలో లాగితే ఓడినట్టే లెక్క. ముసుగు పోవలసింది ఒక్క సందర్భంలోనే, ముందుగా చాటింపు వేసి, ముసుగు పందెం కాసి ఆడిన ఆటలో.

సాంతో అంటే సాధువు. పేరుకు సాధువే గానీ గోదాలో ఆయన చాలాకాలం దుర్మార్గుల జట్టులోనే ఉన్నారు. అక్కడ కుస్తీవీరులు రెండు పక్షాలు. నియమాలు పాటించేవాళ్ళు టెక్నికోలు, రిఫరీ కళ్ళుగప్పేవాళ్ళు రూడోలు. సాంతో రూడో. గోరీ గెరేరోతో జతకట్టి అణుజంటగా పేరు తెచ్చుకున్నారు. పడి ఉన్నవాడి వీపుమీద కూచుని గడ్డం కింద చేతులు వేసి వెనక్కి విరిచే పట్టు ఆయన్నుంచి జనం ఎదురుచూసేది. అది గోరీ కనిపెట్టిన పట్టే. పేరు మాత్రం ఎక్కువగా సాంతోకే దక్కింది.

1952 నవంబర్ 7న అరీనా కొలిసియోలో సాంతో, బ్లాక్ షాడో ముసుగులు పందెం కాశారు. మూడింట రెండు పట్లు గెలిచినవాడిదే పందెం. బ్లాక్ షాడో ఓడాడు. నియమం ప్రకారం లేసు విప్పి, ముసుగు తీసి, జనానికి ముఖం చూపించాడు. అలెహాంద్రో క్రూస్ అన్న పేరు బయటపడింది. దాంతో ఉద్యోగమేమీ పోలేదు, అతను ముసుగు లేకుండా మరెన్నో ఏళ్ళు ఆడాడు కూడా. పోయింది వేరే ఏదో. షాడో జతగాడు బ్లూ డెమన్ ఆ ఓటమిని మనసులో పెట్టుకున్నాడని, అక్కణ్ణుంచే సాంతోతో వైరం మొదలైందని మెక్సికన్లు కథగా చెప్పుకుంటారు. 1953లో బ్లూ డెమన్ సాంతోను ఓడించి ప్రపంచ వెల్టర్‌వెయిట్ బెల్టు తీసుకున్నాడు. బెల్టు పోయింది గానీ, ముసుగు పోలేదు.

ఈ వ్యాసంలో సాంతో అసలు పేరు రాయకపోవడం పొరపాటు కాదు. ఆయన మీద చాలా రచనలు ఆ పేరుతోనే మొదలవుతాయి. ఓడినవాడే పేరు చెప్పాలన్నది ఆ ఆట నియమం. ఆయన ఆ పందెంలో ఎన్నడూ ఓడలేదు.

అదే 1952లో హోసే గ్వాదలూపే క్రూస్ సాంతో బొమ్మల పత్రిక ప్రారంభించాడు. సాంతో ఫొటోలు కత్తిరించి, గీసిన బొమ్మల మధ్య అతికించి తయారుచేసే పత్రిక అది. మూడు దశాబ్దాలకు పైగా వచ్చింది. నాకు అన్నిటికన్నా విచిత్రంగా తోచే సంగతి ఇక్కడుంది. ఆ పత్రికలో ఆయన దీనజనోద్ధారకుడు. అది కొని చదివిన జనమే గోదా దగ్గరికి వచ్చి, రూడోగా అడ్డదారులు తొక్కుతున్న ఆయన్ను తిట్టిపోసేవారు. గోదాలోనూ మంచివాళ్ళ పక్షానికి మారింది 1962లో. పదేళ్ళు ఒక ముసుగు కింద ఇద్దరున్నారు, జనానికి ఏ ఇబ్బందీ కలగలేదు. అంతా నాటకమే కదా అని కుస్తీని కొట్టిపారేసేవారు ఆ ప్రేక్షకుణ్ణి తక్కువ అంచనా వేస్తున్నారు. ఏది నిజమో తెలిసే వచ్చి కూచున్నాడు వాడు.

సాంతో సినిమాల్లోకి 1958లో వచ్చారు. మొదటి రెండూ క్యూబాలో తీశారు. షూటింగ్ అయిన కొద్దికాలానికే కాస్ట్రో సేనలు హవానాలో అడుగుపెట్టాయి. మొత్తం మీద 50కి పైగా చిత్రాలు. రక్తపిశాచాలు, మైనపు బొమ్మలు, గ్వానహ్వాతో శవాలు, అన్నిటితోనూ తలపడ్డారు. వాటిలో చాలావరకు నాసిరకమే, మొహమాటపడక్కర్లేదు. తెర వెనక నడిచింది మాత్రం గొప్ప క్రమశిక్షణ. విమానాశ్రయం తనిఖీలో ముసుగు తీయక తప్పదు గనుక, చిత్రబృందం కంటబడకుండా ఆయన వేరే విమానంలో వెళ్ళేవారు. భోజనానికి గడ్డం దగ్గర వెడల్పుగా తెరిచిన ముసుగు వేరే ఉండేది.

1950లో మెక్సికన్ కవి ఒక్తావియో పాజ్ తన ప్రసిద్ధ గ్రంథంలో మెక్సికన్ల ముసుగుల మీద ఒక అధ్యాయమే రాశాడు. అక్కడ ముసుగంటే మనిషి తనను తాను మూసుకోవడం. గొప్ప అధ్యాయమే, కాదనను. ఆయన రాస్తున్న రోజుల్లోనే మెక్సికో రాజధానిలో టిక్కెట్టు కొన్న కూలీలూ చిల్లర వ్యాపారులూ మరో రకం ముసుగును చూస్తూ గొంతు చించుకుంటున్నారు. అది దాక్కోవడానికి కాదు, నలుగురి ముందు పణంగా పెట్టడానికి. దాన్ని సాహిత్యం స్థాయిలో పట్టించుకున్న కార్లోస్ మోన్సివాయిస్ వ్యాసం 1995 నాటి పుస్తకంలో ఉంది. అప్పటికి సాంతో పోయి పదకొండేళ్ళు. జనం నెత్తిన పెట్టుకున్నదాన్ని విమర్శకులు ఇంత ఆలస్యంగా చూడటం ఒక్క మెక్సికో జబ్బు కాదు.

సాంతో 1982 సెప్టెంబర్‌లో ఆట మానుకున్నారు. చివరి పోటీలో పక్కన నిలబడ్డవారిలో పాత జతగాడు గోరీ గెరేరో ఉన్నాడు. 1984 జనవరిలో ఒక టీవీ కార్యక్రమంలో ఉన్నట్టుండి ముసుగు కొంచెం పైకెత్తి ముఖం కాస్త చూపించారు. ఫిబ్రవరి 5న రంగస్థలం మీద ప్రదర్శన ఇచ్చాక గుండెపోటుతో మరణించారు. వయసు 66. ముసుగుతోనే ఖననం చేశారు. టీవీలో చేసిన పని అపశకునమని అప్పట్లో చాలామంది అన్నారు. నాకలా అనిపించదు. నలభై రెండేళ్ళు కాపాడుకున్న సొత్తును ఎవరి బలవంతమూ లేకుండా క్షణంపాటు తెరిచే హక్కు ఆయనకుంది.

సినిమా చూడాలనుకునే పాఠకులు 1962 నాటి రక్తపిశాచ స్త్రీల చిత్రంతో మొదలుపెట్టండి. ఇంగ్లీషు డబ్బింగ్ వద్దు, అందులో ఆయన పేరును శాంసన్‌గా మార్చేశారు. స్పానిష్‌లోనే చూడండి. గబ్బిలాల దగ్గర నవ్వు వస్తే నవ్వండి, కుస్తీ ఘట్టం దగ్గర మాత్రం కథకోసం ఆత్రపడి ముందుకు జరపకండి.