జారుడు బొమ్మలు ఆపండి, బటన్ కనపడనివ్వండి!

గుత్తి, పామిడి, గుంతకల్లు ప్రాంతాల్లో వెబ్‌సైట్లు కట్టే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! డబ్బిచ్చి కట్టించుకునే అంగళ్ల యజమానులారా, కాలేజీల పెద్దలారా, సంఘాల నాయకులారా!

ఇప్పుడు ఏ సైటు తెరిచినా పైన నాలుగైదు పెద్ద బొమ్మలు ఒకదాని వెంట ఒకటి జారుతున్నాయి. వాటి కింద ఎర్రక్షరాల పట్టీ పరుగులు తీస్తోంది. కట్టినాయన లాప్‌టాప్‌లో, క్రోమ్‌లో చూస్తే అంతా పెళ్లి ఊరేగింపే. కానీ జనం చూసేది ఆ లాప్‌టాప్‌లో కాదు గదా! చెనిక్కాయ రైతు చేతిలో పాత ఆండ్రాయిడ్ ఉంటుంది. డీజిల్ షెడ్డులో డ్యూటీ దిగినాయన దగ్గర జియోఫోన్ ఉంటుంది. ఫలితాల కోసం వచ్చిన పిల్లకు నెట్ సెంటర్లో ఏళ్లనాటి ఫైర్‌ఫాక్సే దిక్కు.

జియోఫోన్ సంగతే చూడండి. 2017లో వచ్చిన ఆ కీప్యాడ్ ఫోన్ తెర 240 పిక్సెళ్ల వెడల్పు, 320 పిక్సెళ్ల ఎత్తు. లోపలి బ్రౌజర్‌కు మూలం ఫైర్‌ఫాక్స్ 48. గ్రిడ్ అమరిక ఫైర్‌ఫాక్స్‌లోకి వచ్చింది 52తో. మీరు గ్రిడ్‌తో పక్కపక్కన పేర్చిన స్లైడ్లు అక్కడ ఒకదాని కింద ఒకటి బారులు తీరుతాయి. దరఖాస్తు బటన్ చేరాలంటే కింది మీట నొక్కీ నొక్కీ బొటనవేలు నొప్పి పుట్టాల్సిందే.

ఇంగ తెలుగు గతి చూడండి. పరుగెత్తే పట్టీకి ఎత్తు 24 పిక్సెళ్లని బిగిస్తారు. హద్దు దాటింది కనపడకుండా ఓవర్‌ఫ్లో హిడెన్ పెడతారు. ఇంగ్లీషుకు అది చాలు. మనకు కింద వత్తులున్నాయి. కొత్త విండోస్‌లో నిర్మల, పాతదాంట్లో గౌతమి, ఆండ్రాయిడ్‌లో నోటో, ఐఫోన్‌లో కోహినూర్, ఇట్లా ఒక్కో ఫాంటు ఒక్కో లోతుకు దిగుతుంది. ఒకచోట సరిపోయిన పట్టీ ఇంకోచోట అడుగు తెగుతుంది. అప్పుడు 'గుత్తి' కాస్తా 'గుతి' అవుతుంది. 'విత్తనాలు' 'వితనాలు' అవుతాయి. మార్కెట్ ధరల పట్టీలో 'పత్తి'కి బదులు 'పతి' క్వింటాలు లెక్కన అమ్ముడుపోతాడు! నవ్వుకోండి, కానీ ఆ పట్టీని నమ్మి బండి కట్టేవాడున్నాడని మరవొద్దు. మందు చిన్నదే: ఎత్తు బిగించొద్దు, లైన్‌హైట్ 1.6కు తగ్గనీయొద్దు, కింద కాస్త ప్యాడింగ్ వదలండి.

స్లైడ్లను లెఫ్ట్‌తోనో మార్జిన్‌తోనో జరపడం మానండి. అట్లా జరిపితే ప్రతి కదలికకూ బ్రౌజర్ పేజీ కొలతలు మళ్లీ మొదటి నుంచి లెక్కగట్టాలి. చవక ఫోన్ అక్కడే గింజుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మ్‌తో జరిపితే ఆ లెక్కల పని తప్పుతుంది. వెడల్పుకు 100వీడబ్ల్యూ అని రాస్తే విండోస్‌లో స్క్రోల్‌బార్ మందం కూడా అందులో కలిసి, పేజీ మొత్తం పక్కకు ఊగుతుంది. 100 శాతం అని రాయండి, పీడ పోతుంది. ఎత్తుకు 100వీహెచ్ అంటే ఐఫోన్‌లో అడ్రస్ పట్టీ వెనక బటన్ దాక్కుంటుంది. దానికోసమే పుట్టిన డీవీహెచ్ 2022 ముగిసేలోగా క్రోమ్, సఫారీ, ఫైర్‌ఫాక్స్ మూడింటికీ వచ్చేసింది. పాత ఫోన్ల కోసం ముందు వరసలో వీహెచ్, దాని కింద డీవీహెచ్ రాయండి. ఫ్లెక్స్‌లో పొడుగాటి తెలుగు సమాసం పడితే స్లైడ్ కుంచించుకోకుండా తెర దాటిపోతుంది. మిన్‌విడ్త్ సున్నా చేయండి.

అసలు ఇంత జావాస్క్రిప్ట్ దేనికప్పా? బొమ్మల్ని అడ్డంగా పేర్చి స్క్రోల్‌స్నాప్ పెడితే వేలితో జరుపుకుంటారు. పాత బ్రౌజర్‌కు స్నాప్ తెలియకపోయినా మామూలుగా జరుగుతాయి, ఏదీ విరగదు.

ఇక ఆ పరుగెత్తే పట్టీ, అదే మార్క్యూ! 1990లలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తెచ్చిపెట్టిన సరుకది. హెచ్‌టీఎంఎల్5 దాన్ని వాడొద్దని తేల్చేసింది. తెచ్చిన ఎక్స్‌ప్లోరర్‌నే మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న సాగనంపింది. మనోళ్లు మాత్రం వదలరు. తనంతట తాను మొదలై 5 సెకన్లు దాటి కదిలే దేనికైనా ఆపే మీట ఉండాలని వెబ్ సౌలభ్య ప్రమాణాల్లో మొదటి మెట్టులోనే ఉంది. చూపు తక్కువైన ముసలాయన అక్షరం కూడబలుక్కునే లోపల వాక్యం దాటిపోతే ఆ నోటీసు వేసినట్టా, వేయనట్టా?

ఫోన్లదే తప్పు అనేవాళ్లకు ఒక మాట. ఫోన్లలోనూ తప్పులుంటాయి, నిజమే. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరాన్ని చూపలేక ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ కొద్దిరోజుల్లోనే దిద్దుకుంది. అంతకు చాలా ముందు, తెలుగు పత్రికల సైట్లు ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప సరిగా కనపడని రోజుల్లో, నాగార్జున వెన్న 'పద్మ' అనే పొడిగింపు రాసి ఫైర్‌ఫాక్స్‌లో వాటిని చదివించారు. దిద్దాలనుకున్నవాళ్లు దిద్దారు. మన పేజీలోని తప్పును దిద్దాల్సింది మనమే.

యజమానులారా! ఆఖరి బిల్లు ఇచ్చేముందు సైటును మీ ఫోన్‌లో చూడొద్దు, మీ అంగట్లో పనిచేసే పిల్లోడి ఫోన్‌లో చూడండి. క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, దొరికితే ఐఫోన్‌లో తెరిపించండి. అడ్డంగా తిప్పి చూడండి. వాట్సాప్‌లో లింకు పంపి అక్కడినుంచీ తెరవండి. బటన్ కనపడితేనే, వత్తులు నిలిస్తేనే డబ్బివ్వండి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ఈ ఆదివారం మీరు కట్టిన సైట్లు ఒక్కొక్కటిగా తెరిచి సరిచేయండి. చేతకాని చోట తోటివాళ్లను అడగండి, తెలిసినవాళ్లు విసుక్కోకుండా చెప్పండి. చదివినవారు ఈ కాగితం పారేయక పక్క అంగడికి ఇవ్వండి.

ఇట్లు,
గుత్తిలో వెబ్‌సైట్ల పనిచేసే కొందరు