హిజ్కియాకు అంజూరపు ముద్ద ఎందుకు?



హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు విన్నాడు, 15 ఏండ్ల ఆయుష్షు పెంచాడు. అయినా యెషయా అంజూరపు ముద్ద తెప్పించి పుండుకు కట్టించాడు. ప్రార్థన చాలలేదనా? కాదు గదా! మరి ఆసుపత్రికి వెళ్తే విశ్వాసం తక్కువని మన సంఘాలకు ఎవరు నేర్పారు?

మేమే నేర్పాము. ఆపరేషన్ మాట దాచి స్వస్థత సాక్ష్యం చెబితే చప్పట్లు కొట్టించాము. నాలుగేండ్ల క్రితం ఒక చెల్లి, చంటిబిడ్డ తల్లి, రొమ్ములో గడ్డ ఉందని మా ఇంటావిడ చెవిలో చెప్పింది. పాలగడ్డేలే అనుకున్నాము. ప్రార్థన చేసి, నూనె రాసి పంపాము. నొప్పి లేదు గనుక ఆమే ఊరుకుంది. ఎనిమిది నెలలు! సమాధి దగ్గర వాక్యం చెప్పిందీ మేమే.

నొప్పి లేకపోవడమే మోసం. మొదట్లో ఈ గడ్డ చాలామందికి నొప్పి పెట్టదు. ముసలివాళ్ల జబ్బు అనుకోకండి, మన దేశంలో ముప్పై, నలభై ఏండ్లవాళ్లకూ వస్తోంది. గడ్డ తగిలినా, చర్మం లోపలికి గుంజుకున్నా, చనుమొన నుండి రక్తం వచ్చినా, చంకలో బిళ్ల కట్టినా ఆ వారమే డాక్టరమ్మకు చూపించండి. చాలా గడ్డలు క్యాన్సర్ కావు. అయితే ఆ మాట స్కానింగు, సూది పరీక్ష చెప్పాలి, పాస్టరు కాదు. చిన్నగా ఉండగానే దొరికితే నయమయ్యే అవకాశం ఎంతో ఎక్కువ.

అత్తలారా, కోడలు సిగ్గుపడితే మీరే తోడు వెళ్లండి. భర్తలారా, బస్సు చార్జీ అడిగించుకోకండి.

వచ్చే ఆదివారం నుండి స్వస్థత సాక్ష్యం చెప్పేవారు డాక్టరుగారి మాట కూడా చెప్పాలి. దాచేవారికి మైకు ఇవ్వము.