కటకాల పాఠం నీటిబొట్టుతో మొదలుపెట్టండి

బెజవాడ బందరు రోడ్డు మీద నాలుగు చినుకులు పడితే చేతిలోని ఫోను తెర మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం నలుసులు మెరుస్తాయి. తెరకేదో అయిందనుకుని చొక్కా అంచుతో తుడిచేస్తాం. దానికేమీ కాలేదు. తెల్లగా కనిపించే ఆ తెరలో అసలు తెలుపన్నదే లేదు. మూడు రంగుల చుక్కలు పక్కపక్కనే వెలుగుతుంటే, విడివిడిగా కంటికి ఆననంత సన్నవి కాబట్టి తెలుపుగా కలిసిపోతాయి. నీటిబొట్టు వాటిని విడదీసి చూపిస్తుంది. పైన ఉబ్బి, అడుగున చదునుగా ఉండే ఆ బొట్టు అచ్చమైన కుంభాకార కటకం. బడిలో కటకాల పాఠం కిరణ చిత్రాలతో, సూత్రాలతో కాక ఈ బొట్టుతో మొదలుకావాలి.

ఎందుకంటే పాఠంలోని ముఖ్యమైన సంగతులన్నీ ఇందులో ఉన్నాయి. నీటి వక్రీభవన గుణకం సుమారు 1.33, బొట్టులోంచి గాలిలోకి వచ్చే కాంతి వంగేది అందుకే. బొట్టు చిన్నదయ్యేకొద్దీ వంపు పెరుగుతుంది, బొమ్మ పెద్దదవుతుంది. అగ్గిపుల్ల కొనతో పెట్టిన ఆవగింజంత బొట్టులో రంగులు విడిపోతాయి. రూపాయి బిళ్లంత నీళ్లు పోస్తే తమ బరువుకే చదునైపోయి ఏమీ చూపించవు. మరో విశేషం: సగం బంతిలాంటి బొట్టు తన అడుగుకు సరిగ్గా ఆనుకున్నదాన్ని మూడోవంతు మాత్రమే పెంచి చూపగలదు. నడుమ గాజు మందం ఉండబట్టే తెర చుక్కల్ని అంతకు మించి పెంచుతుంది. వస్తుదూరం అనే మాట పిల్లలకు ఇంతకంటే తేలిగ్గా ఎలా అర్థమవుతుంది? డెల్టా పిల్లలకు ఇది పూర్తిగా కొత్త కూడా కాదు. వరి ఆకు మీద మంచుబొట్టు ముత్యంలా నిలవడం, దాని కింద ఈనెలు లావుగా కనిపించడం వాళ్లు చూసినవే. సైన్సుకూ ఇది కొత్త కాదు: ఇంగ్లండు శాస్త్రవేత్త స్టీఫెన్ గ్రే 1696లో నీటిబొట్టునే సూక్ష్మదర్శినిగా వాడి, ఆ సంగతి లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు.

నీళ్లు తగిలితే ఫోను పాడవుతుందన్న భయం ఉంది. ఒక్క బొట్టు తెర మధ్యలో పెట్టి, చూశాక దూదితో అద్దేస్తే చాలు. అంచున బొమ్మ వంకరపోతుంది, ఇదేం కటకం అనేవారూ ఉంటారు. ఆ వంకరా పాఠమే. కెమెరాలో ఒక్క కటకంతో సరిపెట్టక కొన్నిటిని వరుసగా పేర్చడానికి అదొక కారణం. బడిలో పిల్లల చేతికి ఫోను ఇవ్వకూడదన్న మాట మాత్రం నేనూ ఒప్పుకుంటాను. టీచరు ఫోను ఒక్కటి బల్ల మీద పెడితే పిల్లలు వంతులవారీగా వంగి చూస్తారు. కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాల సైన్సు టీచర్లకు నా మనవి ఒక్కటే: ఆ పాఠం చెప్పే రోజు ఒక అగ్గిపుల్ల, గ్లాసుడు నీళ్లు తరగతికి తీసుకెళ్లండి. ఫోనులో తెల్ల పేజీ తెరిచి, వెలుతురు పూర్తిగా పెంచండి.