పాటకు కిరీటం, పుట్టుకకు వెక్కిరింత

2007 సెప్టెంబరు 23న ‘ఇండియన్ ఐడల్’ మూడో విడత తుదిపోటీ ముగిసింది. కోల్‌కతా పోలీసు శాఖలో కానిస్టేబుల్‌గా పనిచేస్తున్న ఇరవై నాలుగేళ్ల ప్రశాంత్ తామాంగ్ విజేతగా నిలిచారు. పోలీసు ఉద్యోగంలో ఉన్న తండ్రి మరణించగా, చదువు మధ్యలో ఆపి అదే శాఖలో చేరి ఇంటి భారం మోసిన డార్జిలింగ్ యువకుడు ఆయన. పోలీసు ఆర్కెస్ట్రాలో పాడుతూ దేశమంతా చూసే వేదిక దాకా వచ్చారు. ఆ గెలుపు సంబరం సద్దుమణగకముందే ఢిల్లీలోని ఒక ప్రైవేటు ఎఫ్ఎం రేడియోలో వ్యాఖ్యాత ఒకరు పరిహాసమాడారు. చౌకీదార్లు పాటల పోటీలు గెలుస్తూ పోతే ఇక మన ఇళ్లకు కాపలా ఎవరు కాస్తారన్నది ఆ పరిహాసపు సారాంశం. సెప్టెంబరు 28న సిలిగురిలో నిరసన ప్రదర్శన ఘర్షణగా మారింది. కర్ఫ్యూ పెట్టారు, సైన్యాన్ని దించారు. అక్టోబరు 7న గోర్ఖా జనముక్తి మోర్చా అనే పార్టీ పుట్టింది. ఒక పాటల పోటీ ముగింపుకూ, ఒక ప్రాంత రాజకీయాన్ని మార్చివేసిన పార్టీ ఆవిర్భావానికీ మధ్య పద్నాలుగు రోజులే ఎడం.

ఈ పద్నాలుగు రోజులను వినోద వార్తగానో, శాంతిభద్రతల సమస్యగానో, మహా అయితే ప్రాంతీయ అస్తిత్వ సమస్యగానో చూసి వదిలేయడం మనకు అలవాటు. నేను దీనిని కుల సమస్యగా చదువుతాను. టెలివిజన్ పోటీ ఒక మనిషి గొంతుకు పట్టం కట్టగలదు. ఆ మనిషి పుట్టుకను ఒక పనికి కట్టేసి, ఆ పనిని నీచమైనదిగా చూసే చూపును మాత్రం మార్చలేదు. పైగా ఆ మనిషి ఎంత ఎత్తుకు ఎదిగితే, ఆ చూపు అంత నిస్సిగ్గుగా బయటపడుతుంది.

ముందుగా ‘ప్రతిభ’ సంగతి చూద్దాం. ప్రశాంత్ గెలుపు మీద వచ్చిన ప్రధాన విమర్శ, ఓట్లు వేసింది గాత్రానికి కాదు, జాతికి అని. డార్జిలింగ్ కొండల్లో, సిక్కింలో ఆయన పేరు మీద అభిమాన సంఘాలు వెలిశాయి. చందాలు పోగుచేశారు. ఎస్ఎంఎస్‌లు పంపడానికి శిబిరాలు నడిపారు. ఇదంతా వాస్తవమే. కానీ ప్రేక్షకుల ఓటుతో విజేతను తేల్చడం అనే నియమాన్ని పెట్టింది కొండ ప్రజలు కాదు. ఒక్కొక్క ఎస్ఎంఎస్‌కూ మామూలు కంటే ఎక్కువ ధర వసూలు చేస్తూ, ఎవరెన్ని పంపితే అంత మంచిదన్న వ్యాపారాన్ని నడిపింది టెలివిజనూ టెలిఫోన్ కంపెనీలూ. ఆ నియమంతోనే పేదలు గెలిచిన రోజున నియమమే తప్పు అన్నారు. రిజర్వేషన్ల చర్చలో మనం రోజూ వినే మాట ఇదే కదా. ఆట నియమాలు పైవారికి అనుకూలించినంత కాలం ఫలితం పేరు ప్రతిభ. ఎప్పుడైనా కిందివారికి అనుకూలిస్తే దాని పేరు పక్షపాతం.

మన అనుభవాన్నే తీసుకుందాం. 2006లో ఇదే పోటీ రెండో విడతలో హైదరాబాద్ గాయకుడు కారుణ్య రెండో స్థానంలో నిలిచారు. 2010లో ఐదో విడతను శ్రీరామచంద్ర గెలుచుకున్నారు. ఆ రెండు సందర్భాలలోనూ తెలుగువాళ్లం ‘మనవాడు’ అన్నాం, గర్వపడ్డాం. ఆ ‘మన’ అన్న మాటలో తప్పేమీ లేదు. అదే మాట తేయాకు తోటల్లో ఆకు కోసే స్త్రీ అన్నప్పుడు మాత్రం అది సంకుచితత్వం ఎలా అవుతుందన్నదే నా ప్రశ్న.

ఆ స్త్రీ తన కూలి డబ్బుల్లోంచి ఎస్ఎంఎస్ ఎందుకు పంపిందో తెలియాలంటే ఆ కొండల చరిత్ర కొంత తెలియాలి. డార్జిలింగ్ కొండలకు వేరే పాలనా వ్యవస్థ కావాలన్న విన్నపం 1907 నాటిది. 1986 నుంచి 1988 దాకా గోర్ఖాలాండ్ రాష్ట్రం కోసం సాగిన ఉద్యమంలో వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. చివరికి దక్కింది ఒక పర్వత మండలి. నేపాలీ భాషను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో చేర్చడానికి 1992 దాకా ఆగవలసివచ్చింది. తరతరాలుగా ఇక్కడే పుట్టి, ఇక్కడే పనిచేసి, ఇక్కడే చనిపోయేవారిని ‘నేపాల్ నుంచి ఎప్పుడొచ్చారు’ అని అడిగే దేశమిది. అటువంటివారికి, తమ ముఖం లాంటి ముఖం ఒకటి ‘ఇండియన్’ అన్న పేరున్న వేదిక మీద నిలబడటం ఒక పౌరసత్వ ధ్రువపత్రంలా కనిపించింది. శాసనసభలో లెక్కకు రాని తమ ఓటు టెలివిజన్‌లో లెక్కకు వచ్చింది. అప్పటి మండలి అధినేత సుభాష్ ఘీసింగ్ ఈ ఉత్సాహానికి దూరంగా ఉండిపోయారు. ఆయన పార్టీలోనే ఉన్న బిమల్ గురుంగ్ అభిమానుల ప్రచారానికి ముందు నిలిచారు. పాట కోసం కూడిన జనం, వెక్కిరింత విన్న తర్వాత, ఆయన పెట్టిన పార్టీకి బలమయ్యారు.

తెలుగు పాఠకులకు ఈ కథలో మరొక తెలిసిన మలుపు ఉంది. 2013 జూలై 30న తెలంగాణ ఏర్పాటుకు కాంగ్రెస్ కార్యవర్గం ఆమోదం తెలిపినప్పుడు డార్జిలింగ్ కొండలు మళ్లీ కదిలాయి. ‘తెలంగాణ ఇస్తే మాకెందుకివ్వరు’ అని అక్కడ బంద్‌లు జరిగాయి. పాటకు ఆత్మగౌరవంతో ఉన్న సంబంధం ఏమిటో ధూంధాం వేదికలు చూసిన తెలంగాణకు వేరే చెప్పనక్కర లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆ పరిహాసం ప్రశాంత్ పాటను విమర్శించలేదు. శ్రుతి తప్పిందనో, ఉచ్చారణ బాగా లేదనో అనలేదు. ఆయన చౌకీదారు కూడా కాదు, పోలీసు కానిస్టేబుల్. అయినా ఆ మాట అంత తేలికగా నోటికి రావడానికి కారణం ఒక్కటే. ఆ ముఖాన్ని చూడగానే ఒక పని గుర్తుకు వస్తుంది. ఆ మనిషి ఏ పని చేస్తున్నాడన్నది అనవసరం, ఏ పనికి పుట్టాడన్నదే లెక్క. కులం పనిచేసే తీరు సరిగ్గా ఇదే. కులం కేవలం శ్రమ విభజన కాదు, శ్రామికులనే అంతస్తులుగా విడదీసే వ్యవస్థ అని అంబేడ్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో వివరించారు. జిల్లా కలెక్టరైన దళితుడిలో చెప్పులు కుట్టేవాడిని, ప్రొఫెసరైన రజక స్త్రీలో చాకిరేవును వెతికే కళ్లే, ఐడల్ అయిన తామాంగ్‌లో గేటు దగ్గరి స్టూలును వెతికాయి.

ఆ నోరు ఢిల్లీది అని మనం తప్పుకోవడానికి వీలులేదు. తెలుగు భాషలో ‘గూర్ఖా’ అంటే అర్థమేమిటి? ఒక జనసముదాయం పేరని ఎంతమందికి తెలుసు? మన వాడుకలో అది ఒక ఉద్యోగం పేరు. మా చిన్నతనంలో వీధుల్లో రాత్రిపూట కర్ర చప్పుడు, ఈల వినిపించేవి. నెల మొదటి వారంలో ఒకాయన ఇంటింటికీ వచ్చి తలుపు తట్టేవారు. ‘గూర్ఖా వచ్చాడు’ అని లోపలికి కేకవేసి, చేతికందిన చిల్లర ఇచ్చేవారు. ఆయన పేరేమిటో వీధిలో ఎవరికీ తెలియదు. మన సినిమాలు ఆ మనిషికి ఒక టోపీ, ఒక యాస, ఒక ‘సలామ్ సాబ్’ తగిలించి నవ్వులాటకు వాడుకున్నాయి. జాతి పేరు పని పేరుగా, పని పేరు తిట్టుగా మారడం తెలుగు కులాలకు కొత్త కాదు. మంగలి, చాకలి, మాల, మాదిగ అన్న మాటలు ఏ గొంతుతో, ఏ సందర్భంలో పలికితే గాయమవుతాయో మనకు బాగా తెలుసు. ‘గూర్ఖా’ అన్న మాటను కూడా మనం ఆ వరుసలోనే నిలబెట్టాం. ఆ మాట తగిలేవారు మన మధ్య ఎప్పుడూ కొద్దిమందే కాబట్టి ఆ చప్పుడు మనకు వినిపించలేదు.

అయితే ఈ అవమానానికి ఏమని జవాబు చెప్పాలి? సాధారణంగా వినిపించే జవాబు, ‘మేము కాపలావాళ్లం కాదు, వీరులం, దేశ సరిహద్దులు కాసిన సైనికులం’ అన్నది. ఆ ఆవేశం నాకు అర్థమవుతుంది. కానీ ఆ జవాబుతో నాకు పేచీ ఉంది. మొదటిది, అది ప్రశాంత్ పుట్టిన సముదాయాన్నే వదిలేస్తుంది. నేపాల్‌లో 1854 నాటి ములుకీ ఐన్ అనే చట్టం జనమందరినీ కులాల మెట్ల మీద నిలబెట్టింది. జంధ్యం ధరించేవారు అన్నిటికంటే పైన ఉన్నారు. మద్యం తాగే జనజాతులను దాని కింద రెండుగా చీల్చారు, బానిసలుగా చేయరానివారు, చేయదగినవారు అని. అంటరానివారిది అట్టడుగు. తామాంగులను బానిసలుగా చేయదగినవారి వరుసలో పెట్టారు. కాఠ్మాండు లోయ చుట్టూ బరువులు మోయడానికి, వెట్టి చేయడానికి వారిని కేటాయించారు. బ్రిటిష్‌వారు మెచ్చిన ‘యుద్ధ జాతుల’ జాబితాలో గురుంగులకు, మగర్లకు దొరికిన చోటు తామాంగులకు దొరకలేదు. వెట్టి భరించలేక కొండలు దాటినవారు ఎందరో డార్జిలింగ్ తేయాకు తోటల్లో కూలీలయ్యారు. పశ్చిమ బెంగాల్‌లో, సిక్కింలో తామాంగులకు షెడ్యూల్డ్ తెగ హోదా 2003లో గానీ రాలేదు. ‘మేం వీరులం’ అన్న జవాబు ఈ బరువులు మోసిన వీపులను మరచిపోతుంది.

రెండవది, ఇంకా ముఖ్యమైనది. ‘మేం కాపలావాళ్లం కాదు’ అనడంలో కాపలా పని నిజంగానే నీచమైనదన్న ఒప్పుకోలు ఉంది. వెక్కిరించినవాడి కొలబద్దనే మనమూ చేత పట్టుకున్నట్టు అవుతుంది. ‘అవును, కాపలాదారు పాడాడు, గెలిచాడు, అయితే ఏమిటి?’ అని అడగగలిగినప్పుడే ఆ కొలబద్ద విరుగుతుంది. 2019 ఎన్నికల వేళ ప్రధానమంత్రి, ఆయన మంత్రులు తమ ట్విట్టర్ పేర్ల ముందు ‘చౌకీదార్’ అని చేర్చుకున్నారు. పన్నెండేళ్ల కిందట ఒక గాయకుడిని కిందికి లాగిన మాట అప్పుడు వారికి అలంకారమైంది. ఎందుకంటే ఆ మాటను వారు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయగలరు. పుట్టుకతో ఆ మాటను మోసేవారికి ఆ వెసులుబాటు లేదు.

పాట గోడలను కూల్చలేదని నేననడం లేదు. అదే తుదిపోటీలో ప్రశాంత్‌తో తలపడిన అమిత్ పాల్ షిల్లాంగ్‌కు చెందిన బెంగాలీ. గిరిజనులకూ, గిరిజనేతరులకూ మధ్య దశాబ్దాలుగా ఘర్షణలు చూసిన ఆ నగరం, ఆయన కోసం ఒక్కటిగా వీధుల్లోకి వచ్చింది. మేఘాలయ ప్రభుత్వం ఆయనను శాంతి సామరస్యాల రాయబారిగా ప్రకటించింది. పాటకు ఆ శక్తి ఉంది. కానీ పాట పోగుచేసిన జనానికి ఆ తర్వాత ఏం దక్కిందన్నది రాజకీయం తేల్చవలసిన విషయం. డార్జిలింగ్‌లో 2012 నాటికి కొత్త పాలనా మండలి వచ్చింది, కొత్త నాయకులు వచ్చారు. 2017లో నూట నాలుగు రోజుల బంద్ జరిగింది. తేయాకు తోటల కార్మికులు మాత్రం తాతల నాటి నుంచి ఉంటున్న ఇంటి స్థలాల మీద హక్కు కోసం అడుగుతూనే వచ్చారు. ప్రశాంత్ పాటల బాట కూడా బొంబాయి సినిమా సంగీతంలో కంటే నేపాలీ పాటలూ, ‘గోర్ఖా పల్టన్’ వంటి నేపాలీ సినిమాల వైపే సాగింది. కోట్ల ఓట్లు వేసిన దేశం, పోటీ ముగిశాక ఆ గొంతును తిరిగి తన కొండలకు పంపివేసింది.

విద్యార్థి మిత్రులు ఈ కథ నుంచి తీసుకోవలసింది ఒక గాయకుడి మీద సానుభూతి కాదు. ఇవాళ హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కాపలా పని చేస్తున్నది ఎవరు? పాలమూరు నుంచి, ఉత్తరాంధ్ర నుంచి, నేపాల్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు. చాలాచోట్ల సెల్లార్‌లోని ఒకే గదిలో భార్యాభర్తలు, పిల్లలు ఉంటారు. జీతం ఒకరికి, చాకిరీ ఇద్దరిది. పనివేళలు లేవు, వారపు సెలవు లేదు. అర్ధరాత్రి గేటు తీయడం ఆలస్యమైతే ఇంటిల్లిపాది పేరు మరచిపోయి ‘ఏయ్ వాచ్‌మన్’ అని పిలుస్తారు. ఆ గదిలో పెరిగే పిల్ల ఏ పాటల పోటీలోనైనా గెలిస్తే, అపార్ట్‌మెంట్ సంఘం శాలువా కప్పి ఫొటో దిగుతుంది. మరునాడు ఆమె తల్లి మెట్లు కడగడానికి ఎందుకు రాలేదని అడుగుతుంది.

కాపలాదార్లు పాటలు పాడుతూ పోతే మన ఇళ్లకు కాపలా ఎవరు కాస్తారన్న ప్రశ్నకు జవాబు నిజానికి సులువైనది. ఎనిమిది గంటల పని, సక్రమమైన వేతనం, వారానికొక సెలవు, పేరు పెట్టి పిలిచే మర్యాద ఉంటే ఎవరైనా కాస్తారు, ఏ కులంవారైనా కాస్తారు. సెలవు రోజున పాడుకుంటారు.