నూనె రాస్తే ఆశ వదులుకున్నట్టేనా?

చెన్నపట్నపు క్యాథలిక్ ఇళ్ళల్లో, రోగి మంచం పట్టినా గురువుగారిని పిలవడానికి జంకేవారు ఇప్పటికీ ఉన్నారు. నూనె రాస్తే ఇక ఆశ లేనట్టేనని భయం. పాత పేరే అలాంటిది మరి: 'అవస్థ అభ్యంగనము'! తమిళంలోనూ 'అవస్థై పూసుదల్' అనేవారు.

1972లో ఆరవ పౌలు పోపుగారు ఈ పద్ధతిని సవరించారు. కొనప్రాణం దాకా ఆగనక్కరలేదు. జబ్బు ప్రమాదకరమైతే చాలు. పెద్ద ఆపరేషనుకు ముందయినా సరే. ఆలివు నూనె దొరక్కపోతే మరో మొక్కనూనెతోనైనా నుదుటికీ చేతులకూ రాస్తారు. కోలుకుని మళ్ళీ జబ్బుపడితే మళ్ళీ పుచ్చుకోవచ్చు.

స్పృహ తప్పినవారికీ అభ్యంగనం చేస్తారు. పాపసంకీర్తనం అలా కాదు. రోగి తన నోటితో, మాట పడిపోతే సైగలతోనైనా, తానే చెప్పుకోవాలి. ఏళ్ళతరబడి దాచుకున్నదేదో దించుకోవాలని ఆయనకు ఉండవచ్చు. 'బెదురుతాడేమో' అని మనం తాత్సారం చేస్తే ఆ వేళ దాటిపోతుంది.

రోగినే అడగండి. గురువుగారు వచ్చాక కాసేపు గది బయట కూర్చోండి. ఆయన విన్నది ఎవరికీ చెప్పరు, భార్యాబిడ్డలకైనా సరే.